పరుగు మొదలుపెట్టాక పల్స్ 46కి దిగింది, ఆపేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి ఐదు రోజులు పరిగెడుతున్నాను, ఇప్పుడు మారథాన్‌కు తయారవుతున్నాను. ఒకప్పుడు ఊరికే కూర్చున్నప్పుడు 72 ఉండే పల్స్ ఇప్పుడు 46. ఈసీజీ రిపోర్టులో ‘సైనస్ బ్రాడీకార్డియా’ అని వచ్చింది. నాకు ఏ ఇబ్బందీ లేదు కానీ ఆ మాట చూసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. పరుగు మానేయమంటున్నారు.

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మానేయాల్సిన కారణం నాకేమీ కనబడలేదు. సైనస్ అంటే ఇక్కడ ముక్కుకు సంబంధించింది కాదు, గుండెలో లయ సహజంగా మొదలయ్యే చోటు. బ్రాడీకార్డియా అంటే గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని మాత్రమే, అది జబ్బు పేరు కాదు.

చిన్న లెక్క వేసి చూడండి. కదలకుండా కూర్చున్నా ఒంటికి నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం కావాలి. 72 సార్లు కొట్టుకునే గుండె ఒక్కోసారికి 70 మిల్లీలీటర్లు పంపితే సరిపోతుంది, 46 సార్లే కొట్టుకుంటే 110 దాకా పంపాలి. మీ గుండె ఇప్పుడు చేస్తున్నది ఇంచుమించు అదే. సాధన మొదలైన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా పెరుగుతుంది, దాంతో గుండెకు తిరిగొచ్చే రక్తం ఎక్కువై, నెలలు గడిచేకొద్దీ ఒంటికి రక్తం పంపే ఎడమ జఠరిక లోపలి గది పెద్దదవుతుంది, గోడ కూడా కాస్త మందమవుతుంది. వేగాన్ని అదుపులో పెట్టే వేగస్ నాడి ప్రభావం కూడా పెరుగుతుంది. గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం మాత్రం పెరగదు, ఇది చాలామంది పొరబడే విషయం. సాధన లేని మనిషి గుండె ఎంత కష్టపడ్డా నిమిషానికి 20 లీటర్లు పంపితే, మేటి క్రీడాకారుల్లో అది 35 దాటడానికి కారణం ఒక్కో దెబ్బకు పంపే రక్తమే. 1899లోనే స్వీడన్ వైద్యుడు హెన్షెన్ మంచుమీద స్కీయింగ్ చేసేవాళ్ల గుండెలు పెద్దవిగా ఉన్నాయని గమనించాడు, అదీ ఛాతీ మీద వేళ్లతో తట్టి!

సాధన ఆపితే ఈ మార్పులు చాలావరకు వెనక్కి వెళ్లిపోతాయి, ప్లాస్మా అయితే రెండు వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది.

అయితే పరిగెడుతుండగా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా వెంటనే ఎకో (గుండె స్కానింగ్) చేయించుకోవాలి. గుండె గోడ మందం 13 మిల్లీమీటర్లు దాటితే అది సాధన వల్లనా, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే కండర జబ్బా అని తేల్చుకోవాల్సిందే. ఇవేవీ లేకున్నా మారథాన్‌కు ముందు ఒకసారి కార్డియాలజిస్టును కలవండి. రెండేళ్లుగా పరిగెడుతున్నానని ముందే చెప్పండి, ఆ సంగతి తెలియకుండా 46ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.