షుగర్ లేకపోయినా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను... ఆయుష్షు కోసం రాపామైసిన్ కూడా మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 46 ఏళ్లు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్నగారు 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ భయంతోనే నాలుగేళ్లుగా ఆయుష్షు పెంచే పరిశోధనల గురించి చదువుతున్నాను, పాడ్‌కాస్టులు వింటున్నాను. రెండేళ్లుగా ఎన్‌ఎంఎన్, రెస్వెరట్రాల్ అనే సప్లిమెంట్లు వాడుతున్నాను. షుగర్ లేకపోయినా మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. గ్యాస్‌కి పాంటోప్రజోల్ ఎప్పటినుంచో ఉంది. శాకాహారిని. ఇప్పుడు ఒక స్నేహితుడు రాపామైసిన్ తెప్పిస్తానంటున్నాడు, వారానికోసారి వేసుకుంటే చాలట. మొదలుపెట్టొచ్చా? విదేశాల్లో చేసే, ఒంట్లోకి జన్యువులు ఎక్కించే జీన్ ఇంజెక్షన్ల సంగతేంటి? ఒక కంపెనీ టెస్టులో నా శరీరం వయసు 41 అని వచ్చింది. రిపోర్టులు జత చేశాను. రాత్రిపూట అరికాళ్లలో తిమ్మిరి ఉంటోంది, కూర్చుని చేసే ఉద్యోగం కదా. ఇంకో మాట, నేను విన్నవి తెలుగులో రాసి మా వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాను. 180 మంది ఉన్నారు. కొందరు అది చదివి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టారు. తప్పు చేస్తున్నానా?
– పేరు రాయవద్దన్నారు, హైదరాబాద్

జవాబు: రాపామైసిన్ మొదలుపెట్టకండి. మెట్‌ఫార్మిన్ ఆపేయండి. ఎందుకో వివరంగా చెప్తాను. అంతకంటే ముందు చూడాల్సింది మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన అరికాళ్ల తిమ్మిరి.

మీ రిపోర్టులో విటమిన్ బి12 168 ఉంది. చాలా ల్యాబుల లెక్కలో 200 కంటే తక్కువ ఉంటే లోపమే. మీరు శాకాహారి కాబట్టి బి12 మీకు ప్రధానంగా పాలు, పెరుగు నుంచే అందాలి. అదే తక్కువ. ఆ తక్కువలో కొంత మెట్‌ఫార్మిన్ వల్ల పేగుల నుంచి ఒంటికి పట్టడం లేదు. పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆహారంలోంచి బి12 విడివడాలంటే ఆ ఆమ్లం కావాలి. మూడు వైపుల నుంచీ దారి మూసుకుపోయింది. ఇలా ఏళ్ల తరబడి సాగితే కాళ్లలో నరాలు దెబ్బతింటాయి. కూర్చుని చేసే ఉద్యోగానికి దీన్ని అంటగట్టకండి. మీ దగ్గరలోని ఫిజీషియన్‌ను కలిసి బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టండి. తిమ్మిరికి థైరాయిడ్ లాంటి వేరే కారణాలు ఏమైనా ఉన్నాయేమో కూడా ఆయన చూస్తారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే వేసుకుని ఊరుకోకండి. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి.

మెట్‌ఫార్మిన్ మంచి మందు. షుగర్ పేషెంట్లకు నేను రోజూ రాసే మందు. షుగర్ ఉండి ఇది వాడుతున్నవాళ్లు ఈ జవాబు చదివి దయచేసి ఆపకండి. 2014లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక పరిశీలనలో, మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులు షుగర్ లేనివాళ్లకంటే కాస్త ఎక్కువ కాలం బతికినట్టు కనిపించింది. మీరు విన్న పాడ్‌కాస్టుల్లోని ఉత్సాహమంతా చాలావరకు అక్కడినుంచి వచ్చిందే. ఆ తర్వాత 2022లో డెన్మార్క్ వాళ్లు అదే ప్రశ్నను మళ్లీ పరిశీలిస్తే ఆ లాభం కనిపించలేదు. అసలు సంగతి తేల్చడానికి అమెరికాలో నీర్ బార్జిలాయ్ అనే శాస్త్రవేత్త బృందం 65 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లు 3,000 మందితో ఒక ట్రయల్ చేయాలని ఏళ్లుగా ప్రయత్నిస్తోంది, కానీ మందు చవకది, పేటెంట్ లేదు, డబ్బు పెట్టేవాళ్లు దొరకడం కష్టం. దీని మీద నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇది జవాబు తెలియాల్సిన ప్రశ్న.

మీకు సంబంధించినది ఇంకొకటుంది. 2019లో వచ్చిన ఒక ట్రయల్‌లో 65 దాటినవాళ్లతో 14 వారాలు బరువులు ఎత్తించారు. సగం మందికి మెట్‌ఫార్మిన్, సగం మందికి మందు లేని మాత్ర ఇచ్చారు. కండ ఎక్కువ పెరిగింది మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లకే. మీరు వారానికి మూడు రోజులు జిమ్‌కి వెళ్తున్నానని ఫారంలో రాశారు. అక్కడ కష్టపడి సంపాదించుకునే దానిలో కొంత ఈ మాత్ర తినేస్తూ ఉండొచ్చు.

ఇక రాపామైసిన్. దీని కథ చాలా గొప్పది, మీ గ్రూపులో రాయదగినది. 1964లో కెనడా బృందం ఒకటి పసిఫిక్ సముద్రం మధ్యలోని ఈస్టర్ దీవికి వెళ్లి అక్కడి మట్టి తెచ్చింది. స్థానికులు ఆ దీవిని రాపా నుయి అంటారు, మందు పేరు దాని నుంచే వచ్చింది. మాంట్రియల్‌లో పనిచేసే మన భారతీయ మూలాల శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్ ఆ మట్టిలోని బ్యాక్టీరియా నుంచి దీన్ని వేరు చేశారు. కంపెనీ ఆ ప్రాజెక్టును మూసేసినప్పుడు ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడారు. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. దేనికి? కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఉండటానికి. అంటే అది రోగనిరోధక శక్తిని అణచే మందు. వారానికోసారి తక్కువ మోతాదులో వేసుకుంటే ఆ ప్రభావం తక్కువేనని మీ స్నేహితుడు అనొచ్చు. కావచ్చు. కానీ అది ఎంత తక్కువో, ఎన్నేళ్లపాటు తక్కువో మీలాంటి ఆరోగ్యవంతుల్లో తేలాలి.

2009లో అమెరికాలోని మూడు ల్యాబుల్లో ఒకేసారి చేసిన ప్రయోగంలో, 600 రోజుల వయసున్న ఎలుకలకు, అంటే మన లెక్కలో అరవై దగ్గర పడినవాటికి, ఈ మందు పెట్టారు. 90 శాతం ఎలుకలు చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. చిన్న విషయం కాదిది. నేను చదివినప్పుడు నాకూ ఆశ పుట్టింది. కానీ ఆ ఎలుకలు శుభ్రమైన బోనులో పుట్టి అక్కడే పోయాయి. వాటికి వానాకాలం జ్వరాలు లేవు, మురికినీటి విరేచనాలు లేవు, పన్ను పీకించుకునే అవసరం రాలేదు. మనుషుల ఆయుష్షు పెరిగిందని చూపిన ట్రయల్ ఇప్పటివరకు ఒక్కటీ లేదు. మీరు పాడ్‌కాస్టుల్లో వినే ఉంటారు, అమెరికా కోటీశ్వరుడు బ్రయాన్ జాన్సన్ దాదాపు ఐదేళ్లు వాడి 2024లో ఆపేశారు. చర్మానికి ఇన్ఫెక్షన్లు, కొవ్వులు, షుగర్ పెరగడం, విశ్రాంతిలో గుండె వేగం పెరగడం కారణాలని ఆయనే చెప్పారు. పక్కన డాక్టర్ల బృందాన్ని పెట్టుకున్న మనిషి పరిస్థితి అది.

మీ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. రాపామైసిన్ కొలెస్ట్రాల్ పెంచుతుంది, మీ ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఇప్పటికే 162. మన దగ్గర తామర వస్తే మందుల షాపులో అడిగి ఇట్రాకొనజోల్ కొనుక్కునే అలవాటు చాలామందికి ఉంది. ఆ మందు వేసుకుంటే ఒంట్లో రాపామైసిన్ కరగక, రక్తంలో దాని స్థాయి చాలా రెట్లు పెరుగుతుంది. క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ కూడా అంతే. స్నేహితుడు తెచ్చిన మందు గురించి మీరు ఏ డాక్టరుకూ చెప్పకపోతే, రాసే డాక్టరుకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

ఎన్‌ఎంఎన్ వేసుకుంటే రక్తంలో ఎన్‌ఏడీ (కణాలు శక్తి తయారు చేసుకోవడానికి వాడే పదార్థం) పెరుగుతుంది, అది నిజమే. దానివల్ల మనిషి ఎక్కువ కాలం బతుకుతాడని రుజువు లేదు. రెస్వెరట్రాల్ విషయంలో అయితే ఆశ కూడా పెద్దగా మిగల్లేదు. 2008లో గ్లాక్సో కంపెనీ ఈ దారిలో పనిచేసే సంస్థను 72 కోట్ల డాలర్లకు కొని, 2010లో రెస్వెరట్రాల్‌తో చేసిన మందు మీద పని ఆపేసింది. పైన చెప్పిన మూడు ల్యాబుల ఎలుకల ప్రయోగాల్లోనూ అది ఆయుష్షు పెంచలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి. జీన్ ఇంజెక్షన్లకు వెళ్లకండి. ఒకసారి ఎక్కించాక వెనక్కి తీసే దారి చాలావాటిలో లేదు. శరీరం వయసు టెస్టులు 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త చేసిన మంచి పరిశోధన నుంచి వచ్చినవే, గుంపుల మీద అధ్యయనాలకు పనికొస్తాయి. ఒక మనిషికి 41 అని చెప్పి ధైర్యం ఇచ్చేంత కచ్చితత్వం వాటికి లేదు. మీ 41 మిమ్మల్ని నిశ్చింతగా ఉంచిందేమోనన్నదే నా భయం, ఎందుకంటే అదే ఫైలులో బీపీ 148/94 అని ఉంది. దాని గురించి మీరు ఒక్క మాట కూడా అడగలేదు.

మీ నాన్నగారు 52కి పోయారు. మీకు బీపీ ఉంది, ఎల్‌డీఎల్ ఉంది, నిద్ర ఐదు గంటలు అని రాశారు. ఆయుష్షు పెంచే మందు ఏదని నన్నడిగితే, మనుషుల్లో, పెద్ద ట్రయల్‌లో, చావుల లెక్క తీసి మరీ చూపిన మందులు బీపీ మాత్రలు. 2015లో వచ్చిన స్ప్రింట్ ట్రయల్‌లో 50 దాటిన, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 9,361 మందిని తీసుకున్నారు. సగం మందికి పై అంకె 140 లోపు, సగం మందికి 120 లోపు ఉండేలా మందులిచ్చారు. 120 గుంపులో గుండెపోటు, గుండె వైఫల్యం లాంటివి బాగా తగ్గాయి, అందుకే ట్రయల్‌ను అనుకున్నదానికంటే ముందే ఆపారు. మరణాలూ నాలుగో వంతు పైగా తగ్గాయి. మీకు 120 లక్ష్యం కావాలా అన్నది మీ డాక్టర్ తేలుస్తారు, కానీ 148 దగ్గర వదిలేయడం కుదరదు. మంచి బీపీ మెషిన్ ఒకటి కొనండి. వారం రోజులు పొద్దున, సాయంత్రం, ఐదు నిమిషాలు కూర్చున్నాక, రెండేసి సార్లు చూసి రాసుకోండి. సగటు 135/85 దాటితే అది బీపీయే, ఆస్పత్రి టెన్షన్ కాదు. ఎల్‌డీఎల్‌కి స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందు గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. నాన్నగారి కథ తెలుసు కాబట్టి లైపోప్రొటీన్-ఎ అనే టెస్టు జీవితంలో ఒక్కసారి చేయించుకోండి. అది వంశపారంపర్యంగా వచ్చే ముప్పు, సుమారు ఐదుగురిలో ఒకరికి ఎక్కువగా ఉంటుంది, మామూలు కొలెస్ట్రాల్ టెస్టులో కనపడదు. సిగరెట్ గురించి మీరేమీ రాయలేదు. తాగుతుంటే, 40 ఏళ్ల దగ్గర మానేసినవాళ్లకు సుమారు తొమ్మిదేళ్లు, 50 దగ్గర మానేసినవాళ్లకు ఆరేళ్లు ఆయుష్షు కలిసొచ్చిందని 1951 నుంచి బ్రిటిష్ డాక్టర్లనే యాభై ఏళ్లు గమనించిన అధ్యయనం చెప్పింది. ఏ క్యాప్సూలూ ఇప్పటివరకు ఇవ్వలేనంత లాభం అది.

మీ గ్రూపు సంగతి. తప్పు చేస్తున్నానా అని అడిగారు. తెలుగులో ఇలాంటివి ఓపికగా రాసేవాళ్లు చాలా తక్కువ, మానకండి. అయితే మీరు పంపిన పోస్టులు నాలుగూ చదివాను. "రాపామైసిన్ ఆయుష్షు 14 శాతం పెంచింది" అని ఉంది. ఎలుక అన్న మాట లేదు. పాడ్‌కాస్టులో ఆ మాట మీరు వినే ఉంటారు, గ్రూపులోకి వచ్చేసరికి అది జారిపోయింది. మీ గ్రూపులో చదివే రైతుకో, టీచరుకో అసలు పేపరు తెరిచే వీలుండదు, మీరు రాసిందే వాళ్లకు ఆఖరి మాట. కాబట్టి ఎలుకా మనిషా, ఎంతమంది, రక్తంలో ఏదో అంకె మారిందా లేక నిజంగా చావులు తగ్గాయా, చెప్పినాయన ఆ మందు అమ్ముతున్నారా, ఇవన్నీ మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి. పోస్టు చప్పబడుతుందని భయపడకండి.

వీలైతే ఫిన్లాండ్ కథ కూడా రాయండి. పొగతాగే 29,133 మంది మగవాళ్లతో చేసిన ట్రయల్ ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్ర క్యాన్సర్‌ను ఆపుతుందని అప్పట్లో అందరూ నమ్మారు, కారణాలు కూడా చక్కగా కుదిరాయి. తీరా చూస్తే ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

మీ ఊరివాడి కథ ఎలాగూ ఉంది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను తీసుకుపోయింది, ఆయన్నీ పీడించింది. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో ఏటీపీని కనుక్కున్నారు. పాడ్‌కాస్టుల్లో కణానికి శక్తి అని పదే పదే వినిపించేది ఆ ఏటీపీ గురించే. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసింది, అది స్ప్రూకి మందైంది. ఇంతమందిని బతికించిన మనిషి 1948లో 53 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. స్టాటిన్లు అప్పటికి లేవు, ఈనాటి బీపీ మాత్రలూ లేవు. మీ నాన్నగారికీ ఇవి అందలేదేమో. మీకు వీధి చివర మందుల షాపులో ఉన్నాయి.

ఈ జవాబు చదివిన రోజే ఒక పని చేయండి. మీ పోస్టు చూసి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినవాళ్లు ఎవరెవరో గ్రూపులో అడగండి. వాళ్లలో కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు ఉంటే మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేయండి. అలాంటివాళ్లకు మెట్‌ఫార్మిన్ వల్ల ఒక్కోసారి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ప్రాణాల మీదికి వస్తుంది. షుగర్ లేకుండా వేసుకుంటున్నవాళ్లు ఆపేయాలి, షుగర్‌కి డాక్టర్ రాసిస్తే వాడుతున్నవాళ్లు కొనసాగించాలి. ఈ రెండూ విడివిడిగా, స్పష్టంగా రాయండి.