ముందు మైకును అడగండి
ఇంటి స్టూడియో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాది సన్నని గొంతు, మెల్లగా పాడతాను. అందరూ మెచ్చుకుంటున్నారని ష్యూర్ ఎస్‌ఎం7బి మైకు కొన్నాను. ఇప్పుడు దాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. నేను చూసిన రెండింటిలో ఒకదాని శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) 192 కిలోహెర్ట్జ్ వరకు వెళుతుంది, రెండోది 96 దగ్గరే ఆగుతుంది. 192 ఉన్నదే తీసుకోమని మిత్రులు అంటున్నారు. మీ సలహా ఏమిటి మేడమ్?

జవాబు: ఆ రెండు అంకెలనూ కాసేపు పక్కన పెట్టండి. మీరు వెతకవలసిన అంకె వివరాల పట్టికలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటర్‌ఫేస్ లోపల మైకు ధ్వనిని పెంచే భాగం, అంటే ప్రీయాంప్, ఎన్ని డెసిబెల్స్ గెయిన్ (పెంపు) ఇస్తుంది అన్నదే అది. ఇంటర్‌ఫేస్ గురించి ఎవరు అడిగినా నేను ముందు వాళ్ల మైకు ఏమిటో అడుగుతాను. దానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది.

మైకు పుట్టించే విద్యుత్తు చాలా స్వల్పం. 94 డెసిబెల్స్ శబ్దం తగిలినప్పుడు రోడ్ ఎన్‌టి1 లాంటి, బయటి విద్యుత్తుతో పనిచేసే కండెన్సర్ మైకు 25 మిల్లీవోల్టులు ఇస్తుంది. అదే శబ్దానికి మీ ఎస్‌ఎం7బి ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులు. అంటే ఇంచుమించు 27 డెసిబెల్స్ తక్కువ. ఆ లోటునంతా ప్రీయాంప్ పూడ్చాలి. కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ ఉండాలని ష్యూర్ సంస్థే చెబుతోంది. మీరు మెల్లగా పాడతారు కాబట్టి నేనైతే ఇంకాస్త ఎక్కువే ఉండాలంటాను.

అందరికీ తెలిసిన ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 సంగతే తీసుకోండి. మూడో తరం 2ఐ2 గెయిన్ 56 డెసిబెల్స్. 2023లో వచ్చిన నాలుగో తరంలో అది 69. రెండూ 192 కిలోహెర్ట్జ్ వరకు వెళతాయి. మీ మిత్రులు చెప్పిన అంకెను పట్టి చూస్తే రెండూ ఒకటే. మీ మైకు పక్క నుంచి చూస్తే 13 డెసిబెల్స్ తేడా, అంటే వోల్టేజీలో నాలుగు రెట్లకు పైమాట. పెద్ద అక్షరాల్లో వేసే అంకె ఒకటి, పాటకు పనికొచ్చే అంకె మరొకటి కావడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

గెయిన్ చాలకపోతే నాబ్‌ను చివరిదాకా తిప్పుతారు. సాధారణ ప్రీయాంప్‌లు చాలావరకు అక్కడికి చేరేసరికి బుసకొడతాయి. గొంతు పలుకుతున్నంతసేపూ ఆ బుస బయటపడదు. రెండు వాక్యాల మధ్య ఊపిరి తీసుకునే చోట, పాదం చివరి అక్షరం సన్నగిల్లి ఆగిపోయే చోట అది పైకి తేలుతుంది. తరువాత మిక్సింగ్‌లో కంప్రెసర్ వేస్తారు. కంప్రెసర్ పెద్ద ధ్వనులను అణచి, మొత్తం మట్టం పెంచుతుంది కాబట్టి ఊపిరితోపాటు బుస కూడా లేచి కూర్చుంటుంది. అందుకే కొనేముందు ఈ పరీక్ష చేయండి. మీరు పాడేంత దూరంలో మైకు పెట్టి, పాటకు సరిపడా గెయిన్ పెట్టుకుని, అర నిమిషం పాటు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. ఆ తరువాత పాట వినే మట్టం కంటే కాస్త పెంచి, ఆ నిశ్శబ్దాన్ని హెడ్‌ఫోన్లలో వినండి. ఏ పట్టికా చెప్పని నిజం అక్కడ వినబడుతుంది.

అంతకంటే ముందు, మైకుకు దగ్గరగా జరగండి. 20 సెంటీమీటర్ల దూరంలో పాడేవారు 10కి వస్తే దాదాపు 6 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. మీ మైకు మీది మందపాటి స్పంజి అలా దగ్గరగా పాడడం కోసమే. దగ్గరైతే మంద్రం బరువెక్కుతుంది. దాన్ని తగ్గించే స్విచ్ మైకు వెనుకే ఉంది.

గెయిన్ తక్కువ ఉన్న ఇంటర్‌ఫేస్ ఇప్పటికే చేతిలో ఉంటే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్‌ను మధ్యలో పెట్టుకోవచ్చు. అది ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ గుండా పంపే 48 వోల్టుల విద్యుత్తుతో, అంటే ఫాంటమ్ పవర్‌తో పనిచేసి 25 డెసిబెల్స్ వరకు కలుపుతుంది. కొత్తగా కొంటున్నవారికి మాత్రం నేను దాన్ని సూచించను. ఆ డబ్బును మంచి ప్రీయాంప్ ఉన్న ఇంటర్‌ఫేస్ మీదే పెట్టండి.

ఇక 192 మాట. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు 24 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని పట్టుకుంటుంది. మనిషి చెవి బాగా ఉన్న వయసులో కూడా 20 దగ్గర ఆగిపోతుంది. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క గొంతు రికార్డు చేస్తే నిమిషానికి 8.64 మెగాబైట్లు అవుతుంది, 192లో అదే 34 దాటుతుంది. గాత్రానికి 48 చాలు. ఈ మాట ఎక్కడైనా, ఎవరి ముందైనా చెబుతాను.

ప్రశ్న: మా అమ్మాయి పాడుతున్నప్పుడు తన గొంతే హెడ్‌ఫోన్లలో కాస్త ఆలస్యంగా వినబడి తాళం తప్పుతోంది. విసుగొచ్చి పాడడం మానేస్తోంది. థండర్‌బోల్ట్ అనే వేగమైన కనెక్షన్ ఉన్న ఇంటర్‌ఫేస్ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా?

జవాబు: ఏమీ కొనకుండానే తీరే అవకాశం ఉందండీ. అమ్మాయికి తాళజ్ఞానం లేదని మాత్రం దయచేసి అనుకోవద్దు. ఆలస్యంగా వినబడే సొంత గొంతుతో పోటీపడి నిలకడగా పాడడం అనుభవజ్ఞులకే కష్టం.

కంప్యూటర్ ధ్వనిని ఒక్కో శాంపిల్‌గా కాక, కొన్నింటిని పోగుచేసి ఒకేసారి అందుకుంటుంది. ఆ పోగు పేరే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో 512 శాంపిళ్ల బఫర్ పెడితే లోపలికి 10.7 మిల్లీసెకన్లు, బయటికి మళ్లీ అంతే. ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే కన్వర్టర్ల ఆలస్యం దీనికి అదనం. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు వెళుతుంది. ఆ లెక్కన మీ అమ్మాయి ఏడు మీటర్ల అవతల నిలబడి పాడుతున్న తన గొంతును వింటోంది. బఫర్‌ను 64కు తగ్గిస్తే ఒక్కో వైపు 1.3 మిల్లీసెకన్లకు వస్తుంది. అయితే కంప్యూటర్ ఆ వేగం అందుకోలేకపోతే చిటపటలు వినిపిస్తాయి.

దీనికంటే మంచి దారి మీ ఇంటర్‌ఫేస్ మీదే ఉండవచ్చు. డైరెక్ట్ మానిటర్ అనే స్విచ్చో నాబో ఉందేమో చూడండి. అది మైకు ధ్వనిని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్లకు పంపిస్తుంది. దాన్ని వేసుకున్నాక సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (కంప్యూటర్ గుండా గొంతు వినిపించడం) తప్పక ఆపేయాలి, లేకపోతే నేరుగా వచ్చే గొంతు, ఆలస్యంగా వచ్చే గొంతు రెండూ కలిసి వినబడతాయి. ఒకే మైకు వాడుతుంటే స్విచ్‌ను మోనోలో పెట్టండి. స్టీరియోలో ఉంచితే గొంతు ఒక్క చెవిలోనే వినిపిస్తుంది.

పిల్లలు ఆ తరువాత అడిగేది రెవర్బ్, అంటే పెద్ద హాలులో పాడినట్టు వినిపించే మోత. పొడి గొంతుతో పాడబుద్ధి కావడం లేదంటారు, అది న్యాయమే. సాఫ్ట్‌వేర్‌లో రెవర్బ్ వేసి, అసలు గొంతు రాకుండా రెవర్బ్ ఒక్కటే వచ్చేలా పూర్తి వెట్‌లో పెట్టి, ఆ ట్రాక్ మానిటరింగ్‌ను మళ్లీ తెరవండి. అసలు గొంతు డైరెక్ట్ మానిటర్ నుంచి ఆలస్యం లేకుండా వస్తుంది. రెవర్బ్ ఎలాగూ గొంతు తరువాత రావలసినదే కాబట్టి పది ఇరవై మిల్లీసెకన్లు వెనకబడినా ఎవరికీ తెలియదు.

గాయకుల గురించి ఇంకొక మాట. మన గొంతు మనకు ఎముకల ద్వారా కూడా వినబడుతుంది, అందులో ఆలస్యమే ఉండదు. దానితో మూడు నాలుగు మిల్లీసెకన్లు ఆలస్యమైన గొంతు కలిసినా ప్రతిధ్వని తెలియదు కానీ గొంతు రంగు మారుతుంది. ‘నా గొంతు బోలుగా ఉంది’ అని ఎవరైనా అంటే మైకు మార్చేముందు ఈ సంగతి చూడండి.

థండర్‌బోల్ట్‌తో ఆలస్యం తగ్గించవచ్చు. అయితే దాని అవసరం చాలా మైకులను ఒకేసారి, సాఫ్ట్‌వేర్ ఎఫెక్టులతో సహా వింటూ రికార్డు చేసేవారికి వస్తుంది. మీకు అంతకంటే ముఖ్యమైనది డ్రైవర్, అంటే ఇంటర్‌ఫేస్‌తో కంప్యూటర్‌ను మాట్లాడించే సాఫ్ట్‌వేర్. విండోస్‌లో అయితే తయారీదారు సొంతంగా రాసిన ఆసియో డ్రైవర్ ఉండాలి. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉంది. మ్యాక్‌లో ఆ పనిని కోర్ ఆడియో చూసుకుంటుంది.

డ్రైవర్ నిజం చెబుతోందో లేదో ఒక కేబుల్‌తో తేల్చవచ్చు. ముందు డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ రెండూ ఆపండి. మరిచిపోతే ధ్వని గిరగిరా తిరిగి కూత పెడుతుంది. హెడ్‌ఫోన్లు చెవుల నుంచి తీసేసి, ఎడమ ఔట్‌పుట్‌ను కేబుల్‌తో ఒక లైన్ ఇన్‌పుట్‌కు కలపండి. ఒక ట్రాక్‌లో మెట్రోనోమ్ టిక్కులు పెట్టి ప్లే చేస్తూ, వాటినే కొత్త ట్రాక్‌లోకి రికార్డు చేయండి. తరువాత రెండు ట్రాకులనూ బాగా పెద్దవి చేసి చూడండి. డ్రైవర్ చెప్పిన ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ ముందే సరిచేస్తుంది కాబట్టి టిక్కులు ఒకదాని కింద ఒకటి నిలవాలి. కొద్ది శాంపిళ్ల తేడా లెక్కలోది కాదు. 480 శాంపిళ్లు వెనకబడితే మాత్రం 10 మిల్లీసెకన్లు. ఆ ఇంటర్‌ఫేస్‌తో పాడిన ప్రతి టేకూ తాళం కంటే అంత వెనక పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ ఆఫ్‌సెట్ దగ్గర ఆ అంకె వేసి సరిచేసుకోండి. అమ్మాయి తాళం తప్పుతోందో, పెట్టె తప్పుతోందో దీనితో తేలిపోతుంది.

ప్రశ్న: యూఎస్‌బీ-సి ఉన్న ఇంటర్‌ఫేస్ పాత యూఎస్‌బీ 2.0 దానికంటే మెరుగైన ధ్వని ఇస్తుందా?

జవాబు: ఇవ్వదు. సి అన్నది ఆ రంధ్రం ఆకారం పేరు. సి రంధ్రం ఉన్న ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటి లోపల నడిచేది యూఎస్‌బీ 2.0నే, అది తప్పూ కాదు. దాని సామర్థ్యం సెకనుకు 480 మెగాబిట్లు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో రెండు ఛానళ్లకు కావలసింది సుమారు 2.3 మెగాబిట్లు. ఇంకేం కావాలి?

ప్రశ్న: నేను గిటారు వాయిస్తూ పాడతాను, మిత్రుడు వయొలిన్ వాయిస్తాడు. ముందుచూపుతో 18 ఇన్‌పుట్‌లు ఉన్నది కొనమంటారా?

జవాబు: ఆ 18లో మైకులు పెట్టుకోగలిగేవి ఎన్నో ముందు లెక్కపెట్టండి. స్కార్లెట్ 18ఐ20లో మైకు ప్రీయాంప్‌లు 8. మరో 8 ఛానళ్లు ఆడాట్ అనే ఆప్టికల్ కేబుల్ ద్వారా వస్తాయి, అవి పనిచేయాలంటే ఇంకో ప్రీయాంప్ పెట్టె కొనాలి. 96 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో ఆడాట్ కేబుల్ మీద వచ్చేవి నాలుగే. మిగిలిన 2 ఎస్‌పీడీఐఎఫ్ అనే డిజిటల్ కనెక్షన్‌వి, వాటిలోనూ నేరుగా మైకు పెట్టలేరు.

మీ ఇద్దరికీ కావలసింది గొంతుకు ఒకటి, గిటారుకు ఒకటి, వయొలిన్‌కు ఒకటి. గిటారును మైకుతోనూ, దానికే అమర్చి తీగల కంపనాన్ని పట్టే పికప్‌తోనూ ఒకేసారి పట్టాలనుకుంటే నాలుగు. నాలుగు మైకు ఇన్‌పుట్‌లు ఉన్నది తీసుకోండి, అంతకు మించి వద్దు. విడివిడిగా రికార్డు చేసుకుంటామంటే రెండు ఉన్నా చాలు. కానీ కలిసి వాయించేవారు కలిసే రికార్డు చేసుకోవాలని నా కోరిక. ఒకరి ఊపిరి చూసి ఒకరు ఎత్తుకునే తీరు విడి ట్రాకుల్లో రాదు. అందుకని విడి నాబులతో రెండు హెడ్‌ఫోన్ జాక్‌లు ఉన్నాయో లేదో చూడండి. ఒకే జాక్‌ను చీల్చి పంచుకుంటే ఒకరికి ఎక్కువైనది ఇంకొకరికి తక్కువవుతుంది.

బ్యాటరీ లేని పికప్ అయితే గిటారును ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. ఆ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (విద్యుత్తుకు ఇచ్చే అడ్డు) సుమారు 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ మీద భారం పడి తీగల మెరుపు పోతుంది.

ప్రశ్న: 32 బిట్ ఫ్లోట్ ఇంటర్‌ఫేస్ ఉంటే గెయిన్ సర్దే పనే ఉండదంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజం. జూమ్ యూఏసీ-232 లాంటి వాటిలో మెల్లని ధ్వనికి ఒకటి, పెద్ద ధ్వనికి ఒకటి చొప్పున రెండు కన్వర్టర్లు కలిసి పనిచేస్తాయి. హఠాత్తుగా అరిచినా రికార్డింగ్ చెడదు. అరుపులు, గుసగుసలు కలిసి ఉండే నాటకాలు రికార్డు చేసేవారికి, ఒంటరిగా పాడుతూ మీటరు చూసుకోలేనివారికి మంచిదే. కానీ మైకు లోపలే ధ్వని పగిలితే దాన్ని ఏ కన్వర్టరూ అతికించలేదు. గదిలో ఫ్యాను చప్పుడు గొంతుతోపాటే వస్తుంది. మామూలు పాటకు 24 బిట్లలో గట్టి చోట్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: పాత ఇంటర్‌ఫేస్ ఒకటి చవకగా దొరుకుతోంది. కొనవచ్చా?

జవాబు: మీ కంప్యూటర్‌లో ఇప్పుడున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు దాని డ్రైవర్ ఉందో లేదో తయారీదారు వెబ్‌సైట్‌లో చూశాకే మిగతా మాట. ఫైర్‌వైర్ అనే పాత రకం పోర్టుది అయితే వదిలేయండి, కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే లేదు. డ్రైవర్ ఉంటే ఒక కండెన్సర్ మైకు, హెడ్‌ఫోన్లు వెంట తీసుకెళ్లండి. ప్రతి మైకు ఇన్‌పుట్‌లోనూ ఫాంటమ్ పవర్ వేసి పరీక్షించండి, ఒకటి పనిచేసి ఇంకొకటి చచ్చిపోయి ఉండవచ్చు. ధ్వని వస్తుండగా గెయిన్ నాబ్‌ను మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. కొద్దిపాటి గరగర అయితే శుభ్రం చేస్తే పోతుంది. తిప్పే కొద్దీ ధ్వని మాయమై మళ్లీ వస్తుంటే తీసుకోవద్దు. హెడ్‌ఫోన్ ప్లగ్‌ను జాక్‌లో ఉంచి అటూ ఇటూ కదిపి చూడండి, రోజూ పెట్టి తీసే చోటు కాబట్టి ముందుగా అరిగేది అదే.