లాయరా? మేజిస్ట్రేటా?

ప్రశ్న: కౌలాలంపూర్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉండగా టీవీలో పాత మలయ్ సినిమా వచ్చింది. డబ్బున్న అత్తగారు, పేద అల్లుడు. చివర్లో అతను ఫోర్కులతో కళ్లు పొడుచుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్రే లేదు. అచ్చం మన పాత సినిమాలా ఉంది. వాళ్లవన్నీ ఇలా ఏడుపు సినిమాలేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు చూసింది పి. రామ్లీ తీసి, నటించిన 'ఇబు మెర్తువాకు' అమ్మా. 'మా అత్తగారు' అని అర్థం. 1962 నాటిది. నేను మలేషియాలోని పెనాంగ్‌లో అకౌంటెంటుగా ఉన్న రోజుల్లో మా ఇంటి ఓనరమ్మ ఈ సినిమా ఎన్నిసార్లు వచ్చినా చూసేది. ఫోర్కుల సీను రాబోతుండగా మాత్రం 'అన్నం చూసొస్తా' అంటూ వంటింట్లోకి పోయేది. ఆ అన్నం ఉడికి అప్పటికే గంటయ్యేది.

మన సినిమాలా అనిపించడం వింతేమీ కాదు. సింగపూర్ స్టూడియోల్లో తొలిరోజుల మలయ్ సినిమాలు తీసినవాళ్లలో చాలామంది మన దేశం నుంచి వెళ్లిన డైరెక్టర్లే. రామ్లీని హీరోని చేసిన ఎల్. కృష్ణన్‌ది మద్రాసు.

నాకైతే ఆ ఫోర్కుల కన్నా మొదట్లో వచ్చే ఒక చిన్న మాట ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆ డబ్బున్నావిడ కూతురు రేడియోలో శాక్సఫోన్ విని, అది వాయించిన కాసిం సెలామత్ (మన రామ్లీయే) మీద మనసు పడుతుంది. ఎవడు వాడు, లాయరా, మేజిస్ట్రేటా అంటుంది తల్లి. సంగీతం వాయించుకునేవాడని తెలిశాక ఇక చూడాలి! మన సూర్యకాంతానికి అక్క అనుకోండి. ఆ తర్వాత పెనాంగ్‌లో కాపురం, చేతిలో డబ్బు అయిపోవడం, భార్య కాన్పులో పోయిందని అబద్ధపు టెలిగ్రాం. ఏడ్చి ఏడ్చి అతనికి చూపు పోతుంది. ఆ చూపు తిరిగి తెప్పించే డాక్టరే, బతికే ఉన్న ఆ భార్యకి రెండో మొగుడు. అది తెలిశాకే ఆ ఫోర్కులు.

అదే ఏడాది రామ్లీ 'లాబు దాన్ లాబి' తీశాడు. మీరు చూడాల్సింది అది. హాజీ బఖీల్ అనే పిసినారి ఇంట్లో ఇద్దరు నౌకర్లు. (బఖీల్ అంటేనే పిసినారి, హైదరాబాదు వాళ్లకి చెప్పక్కర్లేదు.) ఇద్దరి కన్నూ యజమాని కూతురి మీదే. పగలంతా తిట్లు తిని, రాత్రి పడుకుని కలలు కంటారు. ఏమని? ఒకడు డాక్టరు, ఇంకొకడు మేజిస్ట్రేటు! అక్కడ అల్లుడికి దక్కని హోదా ఇక్కడ నౌకరు కలలో కొట్టేస్తాడు. అంతటితో ఆగరు, టార్జాన్ కూడా అయిపోతారు.

ఈసారి అబ్బాయి చేత ఇది పెట్టించుకోండి. మళ్లీ ఆ అత్తగారి సినిమానే వస్తే, ముందుగా పొయ్యి మీద అన్నం పెట్టుకుని కూర్చోండి.