మండువా ఇంటిని గ్రంథాలయం చేయాలంటే ఏ గోడలు తీయవచ్చు?

గుంటూరులో పాత మండువా ఇంటిని, అంటే నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉండే చోటు (మండువా) ఉన్న ఇంటిని, ఊరందరికీ గ్రంథాలయంగా మార్చాలి, హాలు కోసం గోడలు తీసేయవచ్చా అన్నది మీ ప్రశ్న. కొన్ని తీయవచ్చు. ఏవన్నది తల పైకెత్తి చూస్తే తెలుస్తుంది.

మండువా చుట్టూ ఉండే పెంకు కప్పు లోపలివైపు టేకు స్తంభాల మీద పెట్టిన దూలాలపై నిలుస్తుంది. పెంకుల్ని మోసే వాసాల రెండో కొస మాత్రం గోడ మీదే ఉంటుంది. వాసాలు గానీ దూలం గానీ కూర్చున్న గోడ జోలికి వెళ్లొద్దు. రెండు గదుల మధ్య అడ్డంగా కట్టిన, కప్పు బరువు మోయని గోడైతే సాధారణంగా భయం లేదు. అయినా ఇంజనీరుకు చూపించాకే గునపం పట్టండి.

నాకైతే గోడలకంటే కప్పు మూలలే టెన్షన్. రెండు వాలులు కలిసే ఆ నాలుగు చోట్లకే వాన నీరు చేరుతుంది. అక్కడ పెంకు జరిగిందంటే కింద వాసం నాని కుళ్లుతుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి, మెత్తగా దిగితే చెక్క పోయినట్టే. గోడలోకి దూరిన దూలం కొసల్నీ అలాగే చూడాలి. సున్నం గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక ఆ కొసల్నే తినేస్తుంది.

పుస్తకాల బీరువాలు కిందే పెట్టండి, అటక మీద వద్దు. మండువాను అద్దాలతో మూసేయాలనే ఆలోచన ఉంటే మానుకోండి, మే నెలలో వేడిగాలి పైకి పోయేది అక్కడి నుంచే.