కొట్టినవాడికి టీసీ ఇప్పిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది కదిరి. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా వాడికి పదమూడేళ్లు, దగ్గర్లోని ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో ఎనిమిదో తరగతి. క్లాసులో ముగ్గురు, పదో తరగతి కుర్రాడొకడు కలిసి నాలుగు నెలలుగా ‘గొల్టీ’ (తెలుగువాళ్లను వెక్కిరించే మాట) అని ఏడిపిస్తున్నారు. పోయిన వారం బాత్రూంలోకి నెట్టి బయట గడియ పెట్టారు. తలుపు కింద సందులోంచి వాడు ఏడుస్తుంటే ఫోన్లో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇంకో పిల్లాడు గడియ తీస్తే బయటికొచ్చాడు. రాగానే పదో తరగతి కుర్రాడు చెంప మీద కొట్టాడు. ప్రిన్సిపాల్‌ని అడిగితే ‘పిల్లల గొడవలు మామూలే, మీకంత కష్టంగా ఉంటే టీసీ తీసుకోండి’ అన్నారు. మా ఆయన ఆ నలుగురినీ జైల్లో వేయిస్తానంటున్నారు, వాళ్ల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడతానంటున్నారు. కనీసం వాళ్లను స్కూలు నుంచి తీసేయించగలమా? (ఒక తల్లి, బెంగళూరు)

జవాబు: అమ్మా, ముందు మీవారి చేతిలోంచి ఫోన్ తీసుకోండి. విషయం పోలీసుల దాకా వెళ్లాక ఆ పిల్లల పేర్లు, ఫొటోలు, స్కూలు పేరు బయటపెడితే బాలల న్యాయ (జువెనైల్ జస్టిస్) చట్టం, 2015లోని 74వ సెక్షన్ కింద ఆయన మీదే కేసు అవుతుంది. ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. బాధితుడి వివరాలకూ ఇదే రూలు. అంటే మీ అబ్బాయి ఏడుస్తున్న వీడియోను సానుభూతి కోసం పెట్టినా తప్పే.

ఇక కేసు. పెట్టొచ్చు. గడియ పెట్టి బంధించడం, చెంప మీద కొట్టడం రెండూ భారతీయ న్యాయ సంహితలో నేరాలే. రెండింటికీ గరిష్ఠ శిక్ష ఏడాది. కానీ చేసినవాళ్లు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. ఇలాంటి చిన్న నేరాలకు పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదని 2016 నాటి కేంద్ర నమూనా నియమాలు చెబుతున్నాయి. స్టేషన్లో డైరీలో రాసుకుని, పిల్లాడి ఇంటి పరిస్థితుల మీద నివేదిక తయారుచేసి బాలల న్యాయ మండలికి పంపుతారు. లాకప్పు లేదు, బేడీలు లేవు. మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. హితవు చెప్పి పంపడం, గ్రూప్ కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించడం లాంటివి వాళ్ల చేతిలో ఉంటాయి. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఇంకో రెండు నెలల్లో తేలకపోతే కేసు అక్కడితో ముగిసినట్టే.

ఇది విని మీవారు ‘ఇదేం చట్టం’ అంటారని తెలుసు. నా దగ్గరికొచ్చే తండ్రులు చాలామంది అనే మాటే. ఒకసారి మండలి ముందు, కొట్టిన కుర్రాడి తండ్రి ‘నిన్న రాత్రి బెల్టు తెగేదాకా కొట్టాను మేడమ్, ఇంక చెయ్యడు’ అన్నాడు, అదేదో మంచి పని చేసినట్టు. మండలిలోని ఆ మేడమ్ కౌన్సెలింగ్ తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ రాశారు. చట్టంలో దానికి వీలుంది.

టీసీ సంగతి. విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాడినీ స్కూలు నుంచి పంపేయకూడదు. క్లాసులోని ఆ ముగ్గురికీ ఈ రక్షణ ఉంది. మీ అబ్బాయికీ ఉంది. కాబట్టి ‘టీసీ తీసుకోండి’ అన్న ప్రిన్సిపాల్ మాట తేలిగ్గా తీసుకోవలసింది కాదు, అది కాగితం మీదికి ఎక్కాలి. (మైనారిటీ సంస్థల స్కూళ్లకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. మీది అలాంటిదేమో చూసుకోండి.) పదో తరగతి కుర్రాడికి ఆ సెక్షన్ అడ్డు రాదు. కానీ వాడిని పంపేస్తే ఇంకో స్కూల్లో ఇంకో పిల్లాడి దగ్గర తేలతాడు. దాని మీద మీ బలం ఖర్చు పెట్టొద్దని నా అభిప్రాయం.

నిజానికి మీరు గట్టిగా పట్టుకోవలసింది స్కూలును. కాలేజీ ర్యాగింగ్ మీద యూజీసీ 2009లో కఠినమైన నిబంధనలు పెట్టింది. స్కూలు పిల్లల వేధింపులకంటూ దేశమంతటికీ ప్రత్యేక చట్టం లేదు. అయినా మీ స్కూలు సీబీఎస్‌ఈ కాబట్టి దారుంది. 2015లో బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి స్కూల్లో వేధింపుల నిరోధక కమిటీ ఉండాలి. వైస్ ప్రిన్సిపాల్, సీనియర్ టీచరు, కౌన్సెలరు, పేరెంట్స్ తరఫున ఒకరు అందులో ఉంటారు. ‘ఆ కమిటీ సభ్యులెవరు, ఎప్పుడు సమావేశపరుస్తారు’ అని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా వద్దు. తేదీలతో రాయండి: ఏ రోజు ఏ పీరియడ్ తర్వాత, ఏ అంతస్తు బాత్రూం, ఆ టైములో ఆ వరండాలో డ్యూటీ ఎవరిది. చివర్లో మీకేం కావాలో కూడా రాయండి: గ్రూపులో వీడియో తీసేయించడం, సీటు మార్చడం, ఇంటర్వెల్లో అక్కడ ఒక టీచరు ఉండడం, ఆ నలుగురికీ వాళ్ల తల్లిదండ్రులతో కలిపి కౌన్సెలింగ్. కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అంటే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పది రోజుల్లో కదలిక లేకపోతే అదే కాగితం జతచేసి కర్ణాటక రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పెట్టండి. కన్నడం రాయడం రాదని ఆగొద్దు, ఇంగ్లిష్‌లో రాయండి. అత్యవసరమైతే 1098కి ఫోన్ చేయొచ్చు.

వీడియో గురించి ఒక ప్రశ్న అడగక తప్పదు. తీసింది బాత్రూంలో. మీవాడు అప్పుడు ఒంటిమీద బట్టలతోనే ఉన్నాడా? లేడంటే నేను ఇప్పటిదాకా చెప్పింది పక్కన పెట్టి వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్లండి. అప్పుడు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఐటీ చట్టాలు రెండూ రావచ్చు. పోక్సో నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం స్కూలుకు కూడా నేరమే. బట్టలతోనే ఉన్నా వీడియోను మీ ఫోన్లోంచి చెరిపేయకండి, ఎవరికీ పంపకండి. గ్రూపు పేరు, పంపిన నంబరు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

గడియ తీసిన పిల్లాడు మీకు మంచి సాక్షి. కానీ ఫిర్యాదులో వాడి పేరు రాసేముందు వాళ్ల ఇంటికెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి. రేపు వాడూ అదే బాత్రూంకి వెళ్లాలి.