దాణాలో ఎముకల పొడి కలిపారని కేసు: కుట్టు విప్పని ఆ బస్తా చేయి దాటనివ్వకండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సార్. ఆరు పాడి గేదెలు, వాటి మీదే మా ఇల్లు గడిచేది. డీలర్ దగ్గర కొత్త దాణా తెచ్చి పెట్టాక పాలు తగ్గాయి, మూడు వారాల్లో రెండు గేదెలు చచ్చిపోయాయి. పిల్లల్లా పెంచుకున్నాం, మా ఆవిడ ఇప్పటికీ తలుచుకుని ఏడుస్తుంది. అప్పుడే పూడ్చిపెట్టేశాం. 19 నెలలైంది. ఆ దాణాలో ఎముకల పొడి కలుపుతారని ఈమధ్యే తెలిసి, విప్పిన బస్తాలోంచి కవర్లో తీసి ల్యాబ్‌లో ఇస్తే ప్రోటీన్ 21 శాతం అని రిపోర్ట్ ఇచ్చారు. ఒక బస్తా కుట్టు విప్పకుండా ఉంది. అది తిరిగిచ్చి కాగితం మీద సంతకం పెడితే 40 వేలు ఇప్పిస్తానంటున్నాడు డీలర్. గేదెలకి పరిహారం వస్తుందా?

జవాబు: ఆ బస్తా ఇవ్వొద్దు, సంతకం అసలు పెట్టొద్దు. మీ కేసంతా ఆ బస్తాలోనే ఉంది, అది పోయాక ఏ లాయరూ ఏమీ చేయలేడు, పైగా మీ సంతకం చూపించి అంతా సెటిలైపోయిందంటారు.

పోస్ట్‌మార్టం చేయించకుండా ఎలా పూడ్చారండీ? ఊళ్ళో వెటర్నరీ డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేసుంటే ఇవాళ చేతిలో కాగితం ఉండేది. ఇప్పుడు గేదెలు దాణా వల్లే చచ్చిపోయాయని రుజువు చేయడం చాలా కష్టం. ఎముకల పొడి తిన్న పశువు మూడు వారాల్లో చావదు, దాని భయమంతా దాని ద్వారా సోకే పిచ్చి ఆవు జబ్బు గురించి, అది బయటపడటానికి ఏళ్ళు పడుతుంది, మన దేశంలో ఆ జబ్బే నమోదు కాలేదు. కంపెనీ లాయర్ మొదటి వాయిదాలోనే ఇది అడుగుతాడు. చావుకి బూజు విషమో యూరియానో కారణం అయ్యుండొచ్చు కానీ 19 నెలలు నిల్వున్న బస్తాలో ఇప్పుడు బూజు విషం దొరికినా అది మీ కొట్టంలో పట్టిందే అంటారు. అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసే కేసు చావు మీద కాకుండా సరుకు లోపం మీద నిలబెట్టాలి. పాలిచ్చే పశువుల దాణాలో మాంసం, ఎముకల పొడి, రక్తం పొడి ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనే ఉంది, కలిపి అమ్మితే అది లోపమే. గేదెల సంగతి రెండో కోరికగా పెట్టండి.

మీ ల్యాబ్ రిపోర్ట్ పనికిరాదు. ఆ పరీక్ష నత్రజని ఎంతుందో కొలిచి ప్రోటీన్ లెక్క కడుతుంది, అది సోయా నుంచి వచ్చిందా ఎముక నుంచి వచ్చిందా యూరియా నుంచి వచ్చిందా దానికి తెలీదు. పశుదాణాకున్న జాతీయ ప్రమాణం ఐఎస్ 2052లో టైప్-2 రకం దాణాకి కనీసం 20 శాతం ఉంటే చాలు, అంటే మీ 21 కంపెనీకే మేలు చేస్తుంది. మీకు కావాల్సింది మైక్రోస్కోప్ పరీక్ష. దాణాని బరువైన ద్రవంలో వేస్తే తవుడు, నూనెగింజల చెక్క లాంటివి పైకి తేలతాయి, ఎముక ముక్కలు అడుగుకి దిగుతాయి, ఆ మడ్డిని లెన్స్ కింద పెడితే ఎముకలోని చిన్న చిన్న గుంటలు నల్ల చుక్కల్లా కనపడతాయి. ఎముక అంత తొందరగా కుళ్ళదు కాబట్టి ఇన్నాళ్ళయినా ఈ పరీక్షకి అవకాశముంది. తోడుగా పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష కూడా అడగండి, అది ఏ జంతువో చెప్తుంది. ఒక్క పీసీఆర్ మాత్రం చాలదు, పాలపొడి కలిపినా పశువు డీఎన్ఏ దొరుకుతుంది, పాలపొడి నిషేధం కాదు.

మళ్ళీ మీరే కవర్లో తీసుకెళ్ళకండి. ఆ కవర్లో మీరే కలిపారంటే ఏం చెప్తారు? 2019 వినియోగదారుల చట్టం 38(2)(సి) కింద జిల్లా కమిషనే శాంపిల్ తీసుకుని సీల్ వేసి ల్యాబ్‌కి పంపుతుంది, 45 రోజుల్లో రిపోర్ట్ ఇమ్మంటుంది. ఫిర్యాదుతో పాటే ఆ పిటిషన్ కూడా వేయండి. మీది వ్యాపారం, మీరు వినియోగదారు కాదంటారేమో, సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నది వ్యాపారం కిందకి రాదని చట్టమే చెప్తుంది, మన ఆంధ్రా రైతుల విత్తనాల కేసులో 2012లో సుప్రీంకోర్టు కూడా రైతుల పక్షానే చెప్పింది.

గడువు రెండేళ్ళు. చావు నుంచి కాదు, కొన్న రోజు నుంచి లెక్కేసుకోండి, అంటే మీకు మిగిలింది నాలుగు నెలల పైచిలుకు. నోటీసులు పంపుతూ కూర్చుంటే గడువు పెరగదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసు చుట్టూ కూడా తిరగకండి, నిబంధన ఎఫ్ఎస్ఎస్ఏఐదే అయినా ఆహార భద్రతా చట్టంలో పశుదాణా ఆహారం నిర్వచనంలోకి రాదు. జిల్లా పశుసంవర్ధక అధికారికి మాత్రం మన రాష్ట్ర 2020 పశుదాణా చట్టం పేరు రాసి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇవాళే ఆ బస్తా మూతి కుట్టు, దానికున్న చీటీ, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ ఫోటోలు తీయండి, బస్తాని నేల మీద కాకుండా చెక్క మీద పెట్టి ఎలుకలు తగలకుండా పెద్ద డ్రమ్ములో మూతేసి ఉంచండి. డీలర్ తెల్ల చీటీ, ఫోన్ పే చెల్లింపులు, పాల కేంద్రం పుస్తకంలో తగ్గిన లీటర్ల పేజీలు తీసి పెట్టుకోండి. 5 లక్షల లోపు సరుక్కి ఫిర్యాదు ఫీజు లేదు, ల్యాబ్ ఫీజు మాత్రం మీరే ముందు కట్టాలి, ఆ డబ్బు సర్దుకోండి.