ఏడో సెగ్మెంట్ పెట్టి చూశావా?

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, వాడు ఆఫీసులో ఏవో సెగ్మెంట్లు కుదిస్తాడట, ఇంకెవరూ ముట్టుకోలేదట, వీడొక్కడే తీసుకున్నాడట" అంది. కుదించేది ఏమిటో దానికి తెలీదు, ప్రమోషన్ వస్తుందని మాత్రం తెలుసు. మీ ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌వర్క్ స్టాక్‌లో ఎస్‌ఆర్‌వీ6 కంప్రెస్డ్ సిడ్లు, అంటే ప్యాకెట్ ఏ రూటర్ల మీదుగా వెళ్లాలో ఐపీవీ6 అడ్రస్‌లతో రాసే జాబితాని (ఒక్కో మజిలీ ఒక సెగ్మెంట్) కుదించడం, అని నాకు అర్థమయ్యేసరికి ముందు గర్వంగా అనిపించింది, తర్వాత నిద్ర పట్టలేదు. మారతహళ్లిలో రూమ్ దొరకలేదని నాకు ఫోన్ చేసి ఏడ్చినవాడివేనా నువ్వు?

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. దీని ప్రామాణిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9800 చదువు, 2025లో వచ్చింది, పాత డ్రాఫ్టులు పట్టుకుని కూర్చోకు. కుదించడంలో నెక్స్ట్, రీప్లేస్ అని రెండు ఫ్లేవర్లు (పద్ధతులు) ఉన్నాయి, ముందు నెక్స్ట్ ఒక్కటి చెయ్యి. లినక్స్‌లో అది 6.1 వెర్షన్ నుంచే ఉంది, చూడు గానీ కాపీ కొట్టకు, మీ లైసెన్స్ వేరు. మీ మేనేజర్ ఇదంతా ఎందుకని అడిగితే, పది సెగ్మెంట్లు మామూలుగా పెడితే ఆ జాబితాని మోసే రూటింగ్ హెడర్ ఒక్కటే 168 బైట్లు అవుతుందని చెప్పు, చాలు.

అసలు పని చూడ్డానికి చిన్నదే. 128 బిట్ల అడ్రస్‌లో అన్నిటికీ ఉమ్మడిగా ముందుండే 32 బిట్ల బ్లాక్ పోగా, ఒక్కో సెగ్మెంట్ నంబరు 16 బిట్ల చొప్పున ఆరు పడతాయి. బ్లాక్ తర్వాత 100, 200, 300 అని ఉన్నాయనుకో. 100 నంబరు రూటర్ తన నంబరు తీసేసి, మిగతావాటిని ఎడమకి జరిపి, చివర సున్నాలు నింపి, మళ్లీ రూట్ వెతుకుతుంది. రేషన్ క్యూలో ముందువాడు సంచీ ఎత్తుకుని వెళ్తే వెనకవాళ్లు జరిగినట్టే. జరిపే ముందు మిగిలింది సున్నానా అని చూడు. సున్నా అయితే జరపకూడదు, హెడర్‌లోంచి తర్వాతి కంటెయినర్ (ఇలాగే నంబర్లు నింపిన ఇంకో అడ్రస్) తీసుకోవాలి. అది మర్చిపోతే అడ్రస్‌లో ఒట్టి బ్లాక్ మిగిలి ప్యాకెట్ దిక్కులేనిదవుతుంది. జరిపిన ప్రతిసారీ హాప్ లిమిట్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చనే లెక్క) తగ్గాలని నీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్తున్నా.

ఇక ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తా. ఇది మీ పెదనాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2009లో నేను చెన్నై తరమణిలో ఉన్నప్పుడు లినక్స్ మీద నడిచే ఒక డబ్బాకి ఐపీవీ6 హెడర్లు చూసే కోడ్ రాశా. అందులోనూ డెస్టినేషన్ అడ్రస్ మార్చడమే పని. ఫంక్షన్ మొదట్లోనే ఐపీవీ6 హెడర్‌కి పాయింటర్ (అది మెమరీలో ఎక్కడుందో చెప్పే గుర్తు) తీసి పెట్టుకున్నా. ఆ తర్వాత వెనకున్న హెడర్ చదవడానికి పుల్ అనే ఫంక్షన్‌ని పిలిచా. కావలసిన బైట్లు ఒకేచోట వరుసగా లేకపోతే ఆ పుల్ కొత్త చోటు తీసుకుని, అక్కడికి కాపీ చేసి, పాత చోటు వదిలేయొచ్చు. నా పాయింటర్ మాత్రం పాత ఇంటి ముందే నిలబడి ఉంది. ల్యాబ్‌లో నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్ మొత్తాన్ని ఒకే ముక్కగా ఇచ్చేది కాబట్టి వారం రోజులు ఆడించినా ఏమీ కాలేదు. కస్టమర్ దగ్గరున్న కార్డు ముక్కలుగా ఇచ్చేది. అక్కడ అడ్రస్ మారాల్సిన ప్యాకెట్‌లో మారదు, ఎవరిదో మెమరీలో పోయి పడుతుంది. నాలుగైదు గంటలకోసారి క్రాష్, అదీ ప్రతిసారీ ఒక కొత్త చోట, నా కోడ్‌కి ఏ సంబంధమూ లేని చోట.

మీటింగ్‌లో నేను ఏమన్నానో తెలుసా? "నాది ల్యాబ్‌లో వారం నడిచింది, డ్రైవర్ చూడండి." డ్రైవర్, అంటే ఆ కార్డుని నడిపే కోడ్, రాసింది తిరునెల్వేలి కుర్రాడు, ఎదురు మాట్లాడేవాడు కాదు. నవంబర్ వానల్లో పదకొండు రాత్రులు కస్టమర్ ఆఫీసులోనే పడుకున్నాడు. వేళచ్చేరిలో మోకాలి లోతు నీళ్లు, ఒక పొద్దున బూట్లు చేత్తో పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు, నేను ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ పెట్టా కూడా. పెడుతూనే డ్రైవర్ ఎంతవరకు వచ్చిందని అడిగా, చూడు నా తెలివి.

చివరికి వాడే పట్టుకున్నాడు. వదిలేసిన మెమరీని 6బీ అనే బైట్లతో నింపే డీబగ్ ఆప్షన్ పెట్టి, ఆ డంప్ ప్రింట్ తీసుకుని నా టేబుల్ దగ్గరకి వచ్చాడు. పేజీ నిండా 6బీలు, మధ్యలో పదహారు బైట్లు వేరుగా, పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉన్నాయి. అది నేను రాసిన అడ్రస్. "మేడమ్, ఇది మీ లైనేమో ఒకసారి చూడండి" అన్నాడు, అంతే. సరిదిద్దడానికి ఒక్క లైన్ కిందకి జరిపితే సరిపోయింది. చెక్ఇన్ చేస్తూ 'హెడర్ హ్యాండ్లింగ్ మెరుగుపరచాను' అని రాశా. వాడి పేరు రాయలేదు. ఆర్నెల్లకి వాడు ఉద్యోగం మానేశాడు.

అందుకే చెప్తున్నా. పుల్ తర్వాత ప్రతి పాయింటర్‌నీ మళ్లీ తీసుకో. రాసే ముందు ఆ బఫర్ ఇంకెవరితోనైనా పంచుకుని ఉందేమో చూడు, పక్కన ప్యాకెట్లు పట్టి చూపే టీసీపీడంప్ నడుస్తుంటే ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆరు సెగ్మెంట్లతో టెస్ట్ చేసి పాసైందని పార్టీ ఇవ్వకు. ఆరూ అడ్రస్‌లోనే సరిపోతాయి, వెనక హెడరే ఉండదు, పుల్ పిలిచే అవసరమే రాదు. ఏడోది పెట్టు. దాన్ని రెండు రకాల కార్డుల మీద ఆడించు. ఎవరైనా బగ్ పట్టుకుంటే 'రిపోర్టెడ్-బై' అని వాళ్ల పేరు రాయి, ఇంటర్న్ అయినా సరే. రాయలేదని తెలిస్తే బెంగళూరు వచ్చి మరీ తంతాను.

ఇంకొక భయం ఉంది, దీన్ని నా చాదస్తం అనుకున్నా పర్లేదు. 2007 డిసెంబర్‌లో ఇలాగే దారి రాసి పంపే పాత టైప్ 0 రూటింగ్ హెడర్‌ని ఆర్‌ఎఫ్‌సీ 5095తో పక్కన పడేసినప్పుడు నేను ఈ ఫీల్డ్‌లోనే ఉన్నా. ఒకే ప్యాకెట్‌ని రెండు రూటర్ల మధ్య అటూ ఇటూ తిప్పి లింక్ నింపేయొచ్చని తేలింది. మీ అంచు రూటర్లలో ఫిల్టర్, ప్యాకెట్‌లో రూటింగ్ హెడర్ ఉందా లేదా అని మాత్రమే చూస్తే, ఆరు దాకా సెగ్మెంట్లున్న ప్యాకెట్ దర్జాగా లోపలికి వస్తుంది, దానికి ఆ హెడరే లేదు కదా. బయటి నుంచి మీ బ్లాక్ అడ్రస్‌కి వచ్చేదేదైనా అక్కడే ఆపేలా కాన్ఫిగరేషన్ గైడ్‌లో రాయించు. అది మీ టీమ్ పని కాదంటారు, అయినా అడుగు.

రాత్రి రెండింటికి కోడ్ చెక్ఇన్ చెయ్యకు, పొద్దున్నే లేచి చెయ్యి. మీ అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి, టెన్షన్ పడుతోంది, నాకు చెప్పలేదనుకుంటోంది. వచ్చే శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా. గోంగూర పచ్చడి పెద్ద సీసా తెస్తున్నా. ఏడో సెగ్మెంట్ టెస్ట్ నా కళ్ల ముందు నడిచాకే మూత తీసేది.

నీ పెద్దమ్మ